బెజవాడ నుంచి వెళ్ళి గ్రేట్ వైట్ షార్క్‌ని బోనులో నిలబడి చూసి రావాలంటే

మన కృష్ణా గుంటూరు జిల్లాల్లో సొరచేప అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సొర పిట్టే కదండీ, బాలింతలకి పాలసొర వండి పెడితే పాలు బాగా పడతాయని మా అమ్మమ్మ బందరు నుంచి పనిగట్టుకుని తెప్పించేది. అలాంటి ఇంట్లో పుట్టినోణ్ణి ఆ జాతిలో వేటాడేవాటిల్లోకెల్లా పెద్దదాన్ని చూడ్డానికి లక్షలు పోసి సముద్రంలో దిగుతానంటే "ఇన్నేళ్ళు తిన్నదానికి అది లెక్క తేల్చుకుంటుందిలే" అన్నారు ఇంట్లో. అయినా వెళ్ళొచ్చా, మా బావమరిదిని కూడా లాక్కుపోయా. ఒక ట్రిప్పులోనే రెండు చోట్ల దిగాల్సి వచ్చింది, ఎందుకంటే మొదటి చోట అసలు గ్రేట్ వైట్ రాలేదు. ఆ తప్పు మీరు చెయ్యకూడదనే ఇదంతా రాస్తున్నా.

అందరూ అడిగేది ముందే చెప్పేస్తా. మేం దిగిన సౌత్ ఆఫ్రికాలో ఈత రాకపోయినా పర్లేదు. స్కూబా సర్టిఫికెట్ అక్కర్లేదు, వీపు మీద సిలిండర్ కూడా ఉండదు. బోను పడవ పక్కనే కట్టేసి ఉంటుంది, పై భాగం నీళ్ళ బయటే ఉంటుంది, మనం పీకల్లోతు నీళ్ళలో నిలబడి షార్క్ వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి తల ముంచుతాం, అంతే. లోతుకి వెళ్ళం కాబట్టి మర్నాడే ఫ్లైట్ ఎక్కినా ఏం కాదు, డైవ్ చేశాక 24 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదన్న రూలు సిలిండర్‌తో డైవ్ చేసేవాళ్ళకి.

ఇక మొదటి పని, ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవడం. ఇంటర్నెట్‌లో పాత వీడియోలు చూసి మెక్సికోలో గ్వాడలూపే దీవి అనుకోకండి, అక్కడ నీళ్ళు అద్దంలా ఉండేవి నిజమే గానీ 2023 జనవరిలో అక్కడి ప్రభుత్వం షార్క్ టూరిజం మొత్తం ఆపేసింది. మనకి మిగిలినవి ముఖ్యంగా రెండు, సౌత్ ఆఫ్రికా, ఆస్ట్రేలియా. ఆస్ట్రేలియాలో అయితే అడిలైడ్ దగ్గర్నుంచి పోర్ట్ లింకన్ అనే ఊరు వెళ్ళి అక్కడ పడవెక్కి నెప్ట్యూన్ దీవులకి పోవాలి. గ్రేట్ వైట్‌ని చూసే ఈ బోను ఐడియాకి ఆద్యుడని చెప్పుకునే రాడ్నీ ఫాక్స్ అనే ఆయన ఆ ప్రాంతం వాడే, 1963లో చేపలు పొడిచే పోటీలో ఉండగా గ్రేట్ వైట్ కరిచి చావు దాకా వెళ్ళొచ్చి, ఆ తర్వాత దాన్ని బోనులోంచి చూడటం మొదలెట్టాడు. మనమైతే తేలు కుట్టిన చెట్టు వైపు కూడా మళ్ళీ వెళ్ళం. అక్కడ షార్క్‌లు ఏడాది పొడుగునా కనిపిస్తాయి, కాకపోతే ఖర్చు ఎక్కువ, పడవ ప్రయాణం కూడా ఎక్కువ.

సౌత్ ఆఫ్రికాలో పేరున్న ఊరు హాన్స్‌బాయి, ఇంగ్లీషులో గాన్స్‌బాయ్ అని రాస్తారు, కేప్ టౌన్ నుంచి కారులో రెండు గంటలు పైన. పక్కనే క్లైన్‌బాయి అనే చిన్న రేవు నుంచి పడవలు బయల్దేరతాయి. ఎదురుగా డయ్యర్ ఐలాండ్, దాని పక్కన గీజర్ రాక్ అనే బండ మీద వేల కొద్దీ సీల్స్, రెండింటి మధ్య పాయని షార్క్ ఆలీ అంటారు. ఏళ్ళ తరబడి ప్రపంచానికి గ్రేట్ వైట్ రాజధాని ఇదే అని చెప్పుకున్నారు. మా ఏజెంట్ కూడా అదే చెప్పాడు, "వందకి వంద శాతం గ్యారంటీ సార్" అని.

అసలు సంగతి ఏంటంటే 2017 నుంచి అక్కడ కథ మారిపోయింది. పోర్ట్, స్టార్‌బోర్డ్ అని రెండు ఓర్కాలు, అంటే కిల్లర్ వేల్స్, ఉన్నాయి, ఒకదాని వీపు రెక్క ఎడమకి వాలి ఉంటుంది ఇంకోదానిది కుడికి, అందుకే ఆ పేర్లు. ఆ ఏడాది గ్రేట్ వైట్‌ల శవాలు ఒడ్డుకి కొట్టుకొస్తే చూశారు, ఒంట్లో కార్జం మాత్రం లేదు, మటన్ కొట్లో అడిగి తీయించుకున్నట్టు నీట్‌గా దాన్నే తినేసి మిగతాది వదిలేశాయి. ఆ దెబ్బకి గ్రేట్ వైట్‌లు ఆ చోటు ఖాళీ చేసి తూర్పుకి జరిగాయి. కేప్ టౌన్ పక్కనున్న ఫాల్స్ బేలో కూడా అంతే, అక్కడైతే దాదాపు మాయమయ్యాయి. 2023లో మాసెల్ బే దగ్గర స్టార్‌బోర్డ్ ఒక్కటే ఒక పిల్ల గ్రేట్ వైట్‌ని రెండు నిమిషాల్లోపు చంపడం పడవల మీద వాళ్ళు కళ్ళారా చూశారు. ఇప్పుడు హాన్స్‌బాయిలో ఎక్కువగా వచ్చేది బ్రాంజ్ వేలర్ అనే రాగి రంగు షార్క్. అది కూడా బావుంటుంది, గుంపులుగా వస్తుంది, కానీ మీరు వెళ్ళింది దానికోసం కాదు కదా.

అందుకని రెండో పని, డబ్బు కట్టే ముందు పడవ వాళ్ళకి నేరుగా మెయిల్ పెట్టి ఒకటే ప్రశ్న అడగండి, "పోయిన రెండు వారాల్లో మీకు గ్రేట్ వైట్ ఎన్ని రోజులు కనిపించింది, వేరే షార్క్ ఎన్ని రోజులు" అని. షార్క్ అని ఊరికే అడిగితే "రోజూ కనిపిస్తాయి" అంటారు, అందులో అబద్ధం కూడా ఉండదు, మేం ఇరుక్కుంది అక్కడే. చాలామంది రోజువారీ లాగ్ వాళ్ళ పేజీల్లో పెడతారు, అది చదవండి. గ్యారంటీ అన్నవాణ్ణి అక్కడికక్కడే వదిలెయ్యండి, సముద్రంలో జంతువుకి గ్యారంటీ ఇచ్చేవాడు ఇంకేదైనా చెప్తాడు. ఇంకా అడగాల్సినవి, ప్రభుత్వ పర్మిట్ ఉందా, షార్క్ రాకపోతే మళ్ళీ తీసుకెళ్తారా, గాలి ఎక్కువై ట్రిప్ క్యాన్సిల్ అయితే డబ్బు వెనక్కిస్తారా లేక ఇంకో తేదీ ఇస్తారా. గాలికి క్యాన్సిల్ అవడం అక్కడ మామూలు విషయం, కాబట్టి డైవ్‌కి ఒక్కరోజే పెట్టుకుని వెళ్ళకండి, వెనకాల రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. మా రెండో డైవ్ ఆ ఖాళీ రోజుల వల్లే కుదిరింది, కారు మాట్లాడుకుని మాసెల్ బే వెళ్ళిపోయాం, కేప్ టౌన్ నుంచి దాదాపు 400 కిలోమీటర్లు. అక్కడ కూడా సీల్ ఐలాండ్ అని చిన్న బండ ఉంది, ఒడ్డుకి దగ్గరే, పడవలో కాసేపట్లో చేరతాం.

సీజన్ మే నుంచి సెప్టెంబర్ మధ్య, అక్కడ చలికాలం. మనకి సమ్మర్ హాలిడేస్ కదా అని బ్లేజ్‌వాడ ఎండలోంచి టీషర్టుల మీద దిగారనుకోండి, కేప్ టౌన్‌లో వాన, చలిగాలి. స్వెట్టర్, గాలి ఆపే జాకెట్, మంకీ క్యాప్ పెట్టుకోండి, మంకీ క్యాప్ పెట్టుకుంటే ఎవరూ నవ్వరు, నవ్వినా వాళ్ళూ వణుకుతూనే నవ్వుతారు.

వీసా సంగతి. మనకి సౌత్ ఆఫ్రికా వీసా ముందే తీసుకోవాలి, మేమైతే హైదరాబాద్‌లో వీఎఫ్ఎస్ అనే వీసా దరఖాస్తుల ఆఫీసులో ఇచ్చాం. బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్స్, ఆఫీస్ లీవ్ లెటర్, హోటల్ బుకింగ్, పాస్‌పోర్ట్‌లో కనీసం రెండు ఖాళీ పేజీలు. రూల్స్ మారుతుంటాయి గనక అప్లై చేసే ముందు వాళ్ళ సైట్ చూసుకోండి, రెండు నెలల ముందే మొదలెట్టండి. గన్నవరం నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా కేప్ టౌన్ హాయిగా పోవచ్చు. చవగ్గా వస్తుందని అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో బుక్ చేసేటట్టయితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు సంగతి కనుక్కోండి, ఆ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఎయిర్‌పోర్టులో గుర్తొస్తే లాభం లేదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు అడ్వెంచర్ యాక్టివిటీస్ కవర్ అవుతాయో లేదో పాలసీ కాగితంలో చదవండి, ఫోన్‌లో అమ్మాయి "అవుతాయి సార్" అంటే సరిపోదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం, కడుపు. ఈ ట్రిప్ పాడయ్యేది షార్క్ వల్ల కాదండీ, వాంతుల వల్ల. శ్రీశైలం ఘాట్ రోడ్డులో దోర్నాల దాటగానే బస్సు కిటికీ వెతుక్కునే బాపతు అయితే మీకు ఇక్కడ డబుల్. పడవ పోతున్నంతసేపూ పర్లేదు, లంగరు వేసి ఆపినప్పుడే మొదలవుతుంది, అలల మీద అటూ ఇటూ ఊగుతూ రెండు మూడు గంటలు ఒక్కచోటే. దానికితోడు చమ్ అని చేప నూనె, చేప ముక్కల గుజ్జు నీళ్ళలో కలిపి గరిటెలతో సముద్రంలోకి పోస్తుంటారు, ఆ వాసనకి షార్క్ రావాలని. మా బావమరిది గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఏళ్ళ నుంచి వ్యాపారం, టిక్కీలు విప్పుతున్నప్పుడు మనం దగ్గి దగ్గి చస్తుంటే పక్కనే కూర్చుని టీ తాగుతాడు, అలాంటి మనిషి చమ్ డ్రమ్ము మూత తీయగానే రెయిలింగ్ పట్టుకున్నాడు, మళ్ళీ ఒడ్డుకి వచ్చేదాకా వదల్లేదు.

కాబట్టి ఏం చెయ్యాలంటే, ముందురోజు రాత్రి ఒకటి, పొద్దున్నే పడవెక్కడానికి గంటా రెండు గంటల ముందు ఒకటి, అవోమిన్ లాంటి బిళ్ళ మీ డాక్టర్ని అడిగి వేసుకోండి. బీపీ మందులూ అవీ వాడేవాళ్ళు తప్పకుండా అడగాలి. ఆ బిళ్ళకి నిద్ర ముంచుకొస్తుంది కొందరికి, అందుకని ఇక్కడే ఏదో ఒక ఆదివారం వేసుకుని చూసుకోండి, మీకెలా ఉంటుందో తెలుస్తుంది. కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే బిళ్ళే బయటికి వస్తుంది. పొద్దున ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, అలాగని హోటల్ బఫే ఊరికే వచ్చింది కదా అని గుడ్లూ సాసేజీలూ లాగించొద్దు, రెండు బ్రెడ్ ముక్కలు, అరటిపండు చాలు. పడవలో లోపలికెళ్ళి కూర్చోకండి, ఫోన్ చూడకండి, బయట వెనక భాగంలో గాలి తగిలేలా నిలబడి దూరంగా కనిపించే ఒడ్డునే చూస్తుండండి. అయినా వస్తే గాలి ఎటు పోతోందో చూసి అటువైపు తిరిగి కానివ్వండి, ఎదురు తిరిగి చేస్తే పక్కవాళ్ళ ఉసురు తగుల్తుంది. ఇంకో మాట, చాలామందికి బోనులో దిగాక కడుపు కాస్త కుదుటపడుతుంది, చల్లనీళ్ళు కదా, కాబట్టి వాంతి అయింది కదా అని దిగడం మానెయ్యొద్దు.

ప్రాక్టీస్ ఇక్కడే చేసుకోవచ్చు. చలికాలంలో అక్కడి నీళ్ళు 14, 15 డిగ్రీలు ఉంటాయి, మన మునిసిపల్ కుళాయి నీళ్ళతో పెరిగిన ఒంటికి అది షాకే. వెట్‌సూట్ అని ఒంటికి అతుక్కునే రబ్బరు సూట్ ఇస్తారు, అది ఒంటిని కాపాడుతుంది గానీ మొహం బయటే ఉంటుంది, మొహానికి చల్లనీళ్ళు తగలగానే మనకి తెలీకుండానే ఊపిరి ఎగబీలుస్తాం, అదే అక్కడ ఇబ్బంది. ఇంట్లో టబ్బులో నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో ఐస్ ట్రేలు రెండు వేసి, కళ్ళకీ ముక్కుకీ పెట్టుకునే డైవింగ్ మాస్క్ పెట్టుకుని మొహం ముంచి పది లెక్కపెట్టండి, రోజుకి నాలుగైదు సార్లు, వారంలో అలవాటైపోతుంది. పిల్లలు వీడియో తీస్తారు, తియ్యనివ్వండి. స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తే తల ముంచి నీళ్ళలో కళ్ళు తెరవడం చేసుకోండి, పక్కన మనిషిని పెట్టుకుని మాత్రమే. గబగబా ఊపిరి తీసి వదిలి ఎక్కువసేపు మునిగి ఉందామని పందాలు వెయ్యకండి, నీళ్ళలోనే స్పృహ పోతుంది. పదిహేను సెకన్లు ఊపిరి ఆపగలిగితే బోనుకి చాలు, షార్క్ మీ ముందు నుంచి పోవడానికి అయిదారు సెకన్లే పడుతుంది.

మీసాలున్న వాళ్ళకి ఒక ముక్క. మాస్క్ అంచు పై పెదవి మీద ఆనుకుంటుంది, అక్కడ మీసం ఉంటే సందుల్లోంచి నీళ్ళు కారతాయి. ఒకటి, మీసం తీయించడం, మా బావమరిది ముందు ఆ మాటే ఎత్తలేం. రెండు, వాజలీన్ దట్టంగా రాయడం, అది పనిచేసింది. ఆడవాళ్ళు జడ హుడ్ (తల తొడుగు) లోపలికి తోసెయ్యాలి, ఒక్క పాయ మాస్క్ అంచు కింద ఇరుక్కున్నా లీకే. మెరిసే గొలుసులు, ఉంగరాలు హోటల్లో పెట్టి రండి, సూత్రాలు తియ్యననే వాళ్ళు సూట్ లోపలికి వేసుకుంటే సరి. కళ్ళజోడు మాస్క్ లోపల పట్టదు, పవర్ ఎక్కువుంటే కాంటాక్ట్ లెన్స్ అలవాటు చేసుకుని వెళ్ళండి లేదా పవర్ మాస్క్ ఉందేమో ముందే అడగండి, అంతదూరం వెళ్ళి బూడిద రంగు మసక చూసి రావడం ఎందుకు.

డైవ్ రోజు. కేప్ టౌన్ నుంచి వెళ్తే తెల్లవారుజామునే వ్యాన్ వచ్చి ఎక్కించుకుంటుంది. అక్కడ కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, ఏం జరిగినా మాదే బాధ్యత అని, మా వాడు దాన్ని ప్రామిసరీ నోటు చదివినట్టు పదినిమిషాలు చదివాడు. టాయిలెట్ పని వెట్‌సూట్ వేసుకోక ముందే ముగించుకోండి, తర్వాత కుదరదు, కుదరనివాళ్ళు ఏం చేస్తారో ఆ సూట్లు వాసన చూస్తే అర్థమవుతుంది. అది తొడుక్కోవడం పెద్ద యుద్ధం, మందంగా లావుగా ఉంటుంది, ఒక్కో కాలూ లాగి లాగి మోకాలి దాకా తెచ్చేసరికి చెమట పడుతుంది, చలిలో కూడా. జిప్పు వెనక్కి రావాలి, ముందుకి కాదు, నేను మొదటిసారి తిరగేసి వేసుకున్నా.

బోను ఇనుప కడ్డీలతో చేసింది, పడవ పక్కకి తాళ్ళతో కట్టి ఉంటుంది, అయిదారుగురు పల్లెవెలుగు బస్సులో నిలబడ్డట్టు వరసగా నిలబడాలి. పైన మూత తెరిచి ఒక్కొక్కర్నీ దింపుతారు. నడుముకి బరువు బెల్టు కడతారు, లేకపోతే ఆ సూట్‌కి బెండులా తేలిపోతాం. లోపల చేతులకి ఒక కడ్డీ, కాళ్ళకి కింద ఒకటి ఉంటాయి, పట్టుకోవాల్సింది ఆ లోపలి కడ్డీనే, బయటి కడ్డీలకి వేళ్ళు చుట్టారంటే పైనుంచి అరుస్తారు, అరవాలి కూడా. మాస్క్‌లో ఉమ్మేసి వేలితో రుద్ది కడిగితే ఆవిరి పట్టదు, రోతగా ఉన్నా అందరూ చేసేది అదే. ఒకతను తాడుకి చేప తల కట్టి విసిరి లాక్కుంటూ ఉంటాడు, షార్క్ దాని వెంట బోను ముందుకి వస్తుంది, తినడానికి మాత్రం ఇవ్వకూడదని రూలు. ఎటునుంచి వస్తుందో వాళ్ళకి పైనుంచి కనపడుతుంది, "డౌన్, లెఫ్ట్!" అని కేక వెయ్యగానే ఊపిరి తీసుకుని కడ్డీ పట్టుకుని కిందికి లాక్కోవాలి. ఇక్కడే అందరూ చేసే తప్పు, ఎక్కడ ఎక్కడ అని పైనే చుట్టూ చూస్తారు, ఈలోపు అది వెళ్ళిపోతుంది. కేక వినపడ్డాక ఆలోచించొద్దు, మునగండి.

నీళ్ళు అద్దంలా ఉంటాయని కూడా అనుకోకండి, ఆకుపచ్చగా ఉంటాయి, చాలా రోజులు మూడు నాలుగు మీటర్ల అవతల ఏమీ కనపడదు. మాసెల్ బేలో నాకు కుడిపక్క నీళ్ళు కాస్త నల్లబడ్డట్టు అనిపించింది, పైన మబ్బు పట్టిందేమో అనుకున్నా, ఆ నలుపే దగ్గరికొచ్చేసరికి షార్క్ అయింది. మూడున్నర మీటర్లని తర్వాత చెప్పారు, అంటే మారుతీ ఆల్టో అంత, అదీ పడవ వాళ్ళు చిన్నదే అన్నారు, పెద్ద ఆడవి ఆరు మీటర్ల దాకా పెరుగుతాయి. పైన బూడిద రంగు, కింద తెలుపు, రెండు రంగులు కలిసే గీత తిన్నగా లేదు, సున్నం వేసేవాడి చెయ్యి వణికినట్టు వంకరటింకరగా ఉంది. ముట్టె మీద గీతలు, సీల్స్ రక్కినవట. మొప్పల చీలికలు అయిదూ లెక్కపెట్టగలిగా, అంత నెమ్మదిగా పోయింది. కన్ను నల్లటి గుండీ అనుకుంటాం కదా, వెలుతురు పడ్డప్పుడు ముదురు నీలం. అది నా వైపు చూసింది, చేప తల వైపు చూసింది, వెళ్ళిపోయింది. నేను కేక వేశాననుకుంటా, నోట్లో ఉప్పునీళ్ళు పోయాయి.

బోనులోకి షార్క్ దూరిన వీడియో ఒకటి అందరూ పంపించుకుంటారు, 2016లో గ్వాడలూపేలో జరిగింది. షార్క్‌కి వెనక్కి ఈదడం రాదు, చేప ముక్క వెంట దూకి కడ్డీల సందులో ఇరుక్కుని ముందుకే తోసుకుంది, లోపలున్న మనిషికి ఏమీ కాలేదు. ఇంట్లోవాళ్ళకి మీరే ముందు చూపించి ఈ మాట చెప్పండి, వేరేవాళ్ళు చూపించేలోపు.

బోనులో ఒక విడత ఇరవై నిమిషాలు అటూ ఇటూ. బయటికి రాగానే పళ్ళు టకటకలాడతాయి, పొడి బట్టలు, తువ్వాలు చేతికందేలా ముందే సర్దిపెట్టుకోండి, అల్లం టీ లాంటిదేమైనా ఇస్తే వద్దనకుండా తాగండి. ఆ తర్వాత పైకెక్కి చూడండి, పైనుంచి చూస్తే షార్క్ మొత్తం ఒకేసారి కనిపిస్తుంది, ఆ లెక్కన బోనులో దిగని వాళ్ళకి కూడా టికెట్ డబ్బులు గిట్టుబాటే. మా వాడు రెయిలింగ్ వదలకుండానే నాకంటే ఎక్కువసార్లు చూశాడు.

గోప్రో కెమెరా తీసుకెళ్తే మణికట్టుకి స్ట్రాప్ ఉండాలి, కర్రకి తగిలించి బోను బయటికి పెట్టకూడదు. కానీ నా మాట విని పడవ వాళ్ళు తీసిన వీడియో కూడా డబ్బిచ్చి కొనుక్కోండి. నా గోప్రోలో పదకొండు నిమిషాలున్నాయి, అందులో తొమ్మిది నిమిషాలు పక్కన నిలబడ్డ ఆయన మోచెయ్యి, మిగతాది ఆకుపచ్చ నీళ్ళు, షార్క్ ఉన్నది నాలుగు సెకన్లు, దాంట్లోనూ సగం నా బొటనవేలే.